మందు కలపని నూకలు: ఆన్‌లైన్ క్యాసినోల ‘ఉచిత బోనస్’ తీసుకోవచ్చా?

“అభినందనలు. మీ పేరున 500 రూపాయల బోనస్ జమ అయింది. ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. యాప్ వేసుకోండి, ఆడండి, గెలిచింది మీరే తీసుకోండి.” ఇలాంటి మెసేజ్‌లు ఇప్పుడు ఊళ్ళలో ప్రతి ఫోన్‌కూ వస్తున్నాయి. వాట్సాప్‌లో వస్తాయి, టెలిగ్రామ్‌లో వస్తాయి, పాటల వీడియో చూస్తుంటే మధ్యలో వస్తాయి. మన సంఘం సమావేశాలకు వచ్చే యువరైతులు, సభ్యుల పిల్లలు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఒకటే: “మన జేబులోంచి ఏమీ పోవడం లేదు కదా, వాళ్ళిచ్చే బోనస్ తీసుకుంటే తప్పేంటి?”

ఈ ప్రశ్న అడిగినందుకు వాళ్ళను కోప్పడాల్సిన పని లేదు. ఏడాదంతా కష్టపడ్డా చేతిలో నాలుగు పైసలు నిలవని ఇంట్లో, ఊరికే 500 వస్తాయంటే ఎవరికైనా ఆలోచన వస్తుంది. ‘ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారు’ అని వెక్కిరించడం తేలిక. కానీ వెక్కిరిస్తే ఎవరూ మానరు, మన ముందు చెప్పడం మానేస్తారు. అందుకే విత్తనం ప్యాకెట్ మీది రాతలు చదివినట్టు ఈ బోనస్‌ను కూడా తిప్పి చూద్దాం. తీసుకుంటే లాభమా, నష్టమా, లెక్క వేసి తేల్చుకుందాం.

బోనస్ అనే మాట

బోనస్ అంటే రైతుకు తెలుసు. తెలంగాణలో సన్న వడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనస్ అన్నారు. అది ఆలస్యమైతే మనం ధర్నా చేస్తాం. ఎందుకంటే అది మన హక్కు. వడ్లు పండించాం, కాంటా పెట్టాం, అమ్మాం. ఖాతాలో పడితే అది మన డబ్బు. ఎరువు కొంటామో, పిల్లల ఫీజు కడతామో మన ఇష్టం.

క్యాసినో యాప్ ఇచ్చే 500 అలాంటిది కాదు. అది తెర మీద కనిపించే అంకె. దాంతో ఉప్పు ప్యాకెట్ కూడా రాదు. తీసి బ్యాంకులో వేసుకుందామంటే కుదరదు. ఆ యాప్‌లోనే, వాళ్ళు చెప్పిన ఆటలోనే, వాళ్ళు చెప్పిన గడువులోనే పందెం కాయాలి. ఆ షరతులు అడుగున చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటాయి. పైన ‘ఉచితం’ అన్న మాట మాత్రం పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉంటుంది. ఎవరు ఏది చదవాలని వాళ్ళు కోరుకుంటున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది.

లెక్క వేద్దాం

షరతుల్లో అసలైనది ‘వేజరింగ్’. అంటే, ఇచ్చిన బోనస్‌కు ఇన్ని రెట్లు పందెం కాసిన తర్వాతే డబ్బు బయటికి తీసుకోవాలి. కొన్ని చోట్ల 30 రెట్లు, కొన్ని చోట్ల 40, 50 రెట్లు. 40 రెట్లు అనుకుందాం. 500 బోనస్‌కు 40 రెట్లంటే 20,000 రూపాయల పందేలు కాయాలి.

20,000 పందేలు కాస్తే ఏమవుతుంది? చక్రం తిప్పే ఆట, రౌలెట్, తీసుకుందాం. యూరప్ రకం చక్రానికి 37 గళ్ళుంటాయి. 18 ఎరుపు, 18 నలుపు, ఒకటి సున్నా. ఎరుపు మీద 100 కాస్తే, ఎరుపు పడితే 100 వస్తుంది, లేకపోతే 100 పోతుంది. చూడటానికి సగానికి సగం అనిపిస్తుంది. కాని గెలిచే గళ్ళు 18, ఓడే గళ్ళు 19. సగటున 37 సార్లు ఆడితే 3,700 పందెం కాసినవాడికి 100 పోతుంది. నూటికి 2 రూపాయల 70 పైసలు. అమెరికా రకం చక్రానికి సున్నాలు రెండు. అందులో నూటికి 5 రూపాయల పైనే పోతుంది.

ఈ చొప్పున 20,000 పందేల మీద సగటున పోయేది 540 రూపాయలు. వాళ్ళిచ్చిన బోనస్ 500. అంటే షరతు పూర్తయ్యేలోపే సగటు మనిషి చేతిలో బోనస్ మిగలదు. ఇంకా, చాలా యాప్‌లు బోనస్‌తో రౌలెట్ ఆడనివ్వవు, లేదా అందులో కాసిన పందెంలో కొంత భాగమే లెక్కలోకి తీసుకుంటాయి. స్లాట్ అనే బొమ్మల ఆటే ఆడమంటాయి. అందులో నూటికి 5 రూపాయలు యాప్ మిగుల్చుకుంటుందనుకుంటే 20,000 మీద పోయేది 1,000. ఇదంతా ఆట నిజాయితీగా నడిస్తే. ఎక్కడో విదేశంలో పెట్టిన సర్వర్‌లో చక్రం నిజంగా తిరుగుతోందా, తిరిగినట్టు బొమ్మ చూపిస్తున్నారా అన్నది తనిఖీ చేసేవాళ్ళు మన దగ్గర ఎవరూ లేరు. మార్కెట్ యార్డులో కాంటా తప్పయితే తూనికలు కొలతల అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. ఈ కాంటాకు ఆ అధికారి లేడు.

కొందరు ఇలా అంటారు: “సగటు మాట సరే, అదృష్టం బాగున్నవాడికి మిగలొచ్చు కదా?” మిగలొచ్చు, అది అబద్ధం కాదు. వంద మంది ఆడితే కొందరికి మిగులుతుంది. అందుకోసమే ఇంకో షరతు ఉంటుంది. ఉచిత బోనస్ మీద ఎంత గెలిచినా ఇంత మొత్తానికి మించి ఇవ్వమని ముందే రాసి పెట్టుకుంటారు. ఓడితే మొత్తం పోతుంది, గెలిస్తే వాళ్ళు గీసిన గీత దాకే వస్తుంది. పంట పోతే నష్టం కౌలుదారుది, పండితే పాలు దొరది అన్న పాత కౌలు ఒప్పందాలకూ దీనికీ తేడా ఏముంది?

మందు కలపని నూకలు

మరి నష్టమొచ్చే పనిని ఆ కంపెనీ ఎందుకు చేస్తుంది? లక్షల మందికి బోనస్ పేరుతో మెసేజ్‌లు పంపడానికి వాళ్ళకూ ఖర్చవుతుంది కదా? దీనికి జవాబు వరి రైతుకు చెప్పనక్కరలేదు. పొలంలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ పెట్టేటప్పుడు మనం ఏం చేస్తాం? మొదటి రోజే మందు పెట్టం. పెడితే ఎలుక అనుమానపడి ముట్టదు. రెండు రోజులు ఉత్తి నూకలకు నూనె కలిపి బొరియల దగ్గర పెడతాం. ఎలుక తింటుంది, ఏమీ కాదు. రుచి మరుగుతుంది. ఆ తర్వాత 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు.

ఉచిత బోనస్ ఆ మందు కలపని నూకలు. అందులో విషం లేదన్న మాట నిజమే. మొదటి రోజు జేబులోంచి ఏమీ పోదన్న మాటా నిజమే. కాని అది మన మేలు కోసం పెట్టింది కాదు, అలవాటు చేయడానికి పెట్టింది. 20 రూపాయల చొప్పున 20,000 పందేలు పూర్తి చేయాలంటే 1,000 సార్లు బటన్ నొక్కాలి. ఒక్కోదానికి 10 సెకన్లనుకున్నా రెండు గంటల 45 నిమిషాల పైన పడుతుంది. అంతసేపు ఆడినవాడి వేలికి ఆట అలవాటవుతుంది. మధ్యలో ఒకసారి 2,000 దాకా ఎక్కి కిందికి దిగిన అంకె రాత్రి నిద్రలోనూ కనిపిస్తుంది. బోనస్ అయిపోయిన క్షణంలోనే ఇంకో మెసేజ్ వస్తుంది: ‘కొంచెంలో తప్పిపోయింది, ఇప్పుడు 1,000 వేస్తే మేం ఇంకో 1,000 కలుపుతాం’ అని. మందు కలిపిన నూకలు అవి.

చెట్టు కింద పేకాటకూ, సంక్రాంతి కోడిపందేలకూ ఒక హద్దుంది. వాటిని మేం సమర్థించడం లేదు. కాని పేకాట ఆడేవాడు ఎక్కడ కూర్చున్నాడో ఊరికి తెలుసు. చీకటి పడితే ఆట ఆగుతుంది. జేబు ఖాళీ అయితే లేవాలి. ఇంటామె వచ్చి నలుగురిలో నిలదీస్తుంది. ఫోన్‌లో జూదానికి ఆ హద్దులేవీ లేవు. దుప్పటి కప్పుకొని ఆడొచ్చు, మోటరు దగ్గర కరెంటు కోసం కాపలా కూర్చొని ఆడొచ్చు. జేబుకు బదులు బ్యాంకు ఖాతా ఉంది, అందులో మద్దతు ధర డబ్బుంది, పీఎం కిసాన్ 2,000 ఉంది, భార్య డ్వాక్రా సంఘం నుంచి తెచ్చిన అప్పు ఉంది. ఇంట్లోవాళ్ళకు తెలిసేసరికి ఖాతా ఖాళీ అవుతుంది.

అంకెలను మన పంటల్లోకి మార్చి చూడండి. 2025-26 లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110. ‘ఏ’ గ్రేడు వడ్లకు 2,389. ఒక్క రాత్రి 20,000 పోయిందంటే దాదాపు రెండున్నర క్వింటాళ్ళ పత్తి, లేదా ఎనిమిది క్వింటాళ్ళకు పైగా వడ్లు పోయినట్టు. ఆ పత్తి ఏరడానికి ఎంతమంది కూలీల నడుములు వంగాయో మనకే తెలుసు.

గెలిచినా చిక్కే

బోనస్ తీసుకోవాలన్నా, గెలిచింది అడగాలన్నా ముందు ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు ఇమ్మంటారు. ఫోన్‌లోని నంబర్లన్నీ చూసుకునే అనుమతి అడుగుతారు. ఎవరికిస్తున్నాం? ఊరు, పేరు, ఆఫీసు లేని వాళ్ళకు. ఆ వివరాలు ఎన్ని చేతులు మారతాయో మన చేతిలో ఉండదు. కొన్ని యాప్‌లు ‘ఖాతా సరిచూడటానికి’ ముందు 500 వేయమంటాయి. కట్టనక్కరలేదన్న చోటే కట్టమంటారు.

డబ్బు ఇవ్వకపోతే ఎవరినడుగుతాం? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచిన డబ్బు ఇప్పించమని కోర్టుకు పోలేం.

ఇస్తే ఇంకో చిక్కు. ఇది రైతులు ముఖ్యంగా గమనించాలి. చట్టవిరుద్ధంగా నడిచే యాప్‌లు తమ పేరున బ్యాంకు ఖాతా తెరవలేవు. అందుకని ఎవరెవరి పేర్ల మీదో ఉన్న ఖాతాలను వాడుకుంటాయి. ‘మీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అద్దెకివ్వండి, నెలకు ఇంత’ అని ఊళ్ళలో కుర్రాళ్ళను అడుగుతున్నది ఇందుకే. ఆ ఖాతాల్లో సైబర్ మోసాల డబ్బు కూడా తిరుగుతుంది. మోసపోయిన వ్యక్తి 1930 కు ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఏ ఏ ఖాతాల గుండా పోయిందో చూసి వాటిని నిలిపివేయిస్తారు. అలాంటి ఖాతా నుంచి మన ఖాతాకు గెలుపు పేరుతో 800 రూపాయలు వచ్చినా మన ఖాతా కూడా ఆ వరుసలో చిక్కుకోవచ్చు. అదే ఖాతాలో వడ్ల డబ్బు లక్షన్నర పడి ఉంటే? విత్తనాలకు, దుక్కికి చేతికందాల్సిన డబ్బు, వేరే రాష్ట్రం పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెచ్చుకునేదాకా కదలదు. 500 బోనస్‌కు ఆశపడితే ఒక కారు పంట పెట్టుబడి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇక ఖాతా అద్దెకిచ్చినవాడి మీద నేరుగా కేసే అవుతుంది.

చట్టం ఏమంటోంది, ప్రభుత్వం ఏం చేసింది

తెలంగాణ 2017 లో 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 లో అదే పని చేసింది. రాష్ట్ర చట్టాల కింద ఆడినవాళ్ళ మీద కూడా కేసు పెట్టే వీలుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమైనా అదృష్టమైనా, నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. డబ్బు చేరవేసేవారికీ శిక్ష ఉంది. ఈ చట్టాన్ని కంపెనీలు కోర్టుల్లో సవాలు చేశాయి. చట్టం తెచ్చినప్పుడు కేంద్రమే చెప్పిన అంచనా: దేశంలో 45 కోట్ల మంది మీద ఈ ఆటల దెబ్బ పడింది, పోయిన సొమ్ము 20,000 కోట్లకు పైనే.

ఈ చట్టాలను మేం స్వాగతిస్తున్నాం. కాని కొన్ని మాటలు చెప్పక తప్పదు. ఇదే కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 30 శాతం పన్ను మినహాయించుకుంది. అదే ఏడాది అక్టోబరు నుంచి ఆటగాళ్ళు వేసే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వసూలు చేసింది. జనం ఓడిపోతున్నన్నాళ్ళు అందులో వాటా తీసుకొని, ఇళ్ళు గుల్లయ్యాక నిషేధం అన్నారు. సినిమా నటులు, క్రికెటర్లు ఏళ్ళ తరబడి టీవీల్లో ఆడమని ప్రచారం చేస్తుంటే చూస్తూ ఊరుకున్నారు. ఇప్పుడు దేశంలోని పెద్ద యాప్‌లు ఆగినా, విదేశాల నుంచి నడిచేవి పేర్లు మార్చుకొని వస్తున్నాయి. ఒకటి మూస్తే రెండు తెరుస్తున్నాయి. ఉచిత బోనస్ ఎర ఎక్కువగా వేస్తున్నది ఇవే.

‘వ్యవసాయమూ జూదమే కదా’

ఇది మన వాళ్ళే అనే మాట. వాన మీద పందెం, ధర మీద పందెం, ఇక చక్రం మీద పందెం కాస్తే ఏం పోయింది అంటారు. బాధలో అనే మాట అది. కాని ఒప్పుకోకూడని మాట. సేద్యంలో మన శ్రమ ఉంది, పండిన గింజ ఉంది, దాన్ని తినే మనిషి ఉన్నాడు. నష్టం వస్తే దానికి కారణాలున్నాయి: నకిలీ విత్తనం, అందని యూరియా, మద్దతు ధర దక్కని మార్కెట్, సరిగా లేని బీమా. వాటిని పోరాడి మార్చుకోవచ్చు, కొన్ని మార్చుకున్నాం కూడా. రౌలెట్ చక్రానికున్న 37వ గడిని ఏ పోరాటమూ తీసేయలేదు, ఆ గడే వాళ్ళ వ్యాపారం. సేద్యాన్ని జూదం అని ఒప్పుకుంటే, సేద్యాన్ని జూదంగా మార్చిన విధానాలను ఒప్పుకున్నట్టే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. రైతు ఆత్మహత్య చేసుకున్న చోట విచారణకు వచ్చేవాళ్ళు అప్పు పంట కోసం చేసిందా కాదా అని చూస్తారు. కుటుంబ కలహాలు, తాగుడు అనే మాటలు రాసి ఎన్నో కుటుంబాలకు పరిహారం లేకుండా చేయడం మన సంఘం చూసింది. ఆ జాబితాలోకి ఇప్పుడు ‘ఆన్‌లైన్ జూదం’ చేరుతుంది. అయిదు లక్షల సేద్యపు అప్పు ఉన్న కౌలురైతు ఫోన్‌లో ఒక బెట్టింగ్ యాప్ కనిపిస్తే చాలు, అప్పంతా దాని ఖాతాలో రాసేస్తారు. అప్పు తీర్చే దారి లేకనే ఆ యాప్ తెరిచాడన్న సంగతి ఎవరూ రాయరు. బ్యాంకు గడప తొక్కనివ్వని కౌలురైతుకు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంట పెట్టినవాడికి, ఒక్క రాత్రిలో గట్టెక్కొచ్చన్న ఆశ ఎక్కడి నుంచి పుట్టిందో పాలకులు ఆలోచించాలి.

మన డిమాండ్లు, మన పని

ప్రభుత్వాలను మేం అడిగేవి ఇవి. ఆడినవాణ్ణి పట్టుకొని సంఖ్య చూపించడం కాదు, నడిపేవాళ్ళను, ఏజెంట్లను, ఖాతాలు సమకూర్చేవాళ్ళను, ప్రచారం చేసిన పెద్దలను పట్టుకోవాలి. సైబర్ కేసుల్లో ఖాతా నిలిపివేస్తే అనుమానమున్న మొత్తాన్నే ఆపాలి, వడ్లు, పత్తి అమ్మిన డబ్బును, ప్రభుత్వ సాయాన్ని ఆపకూడదు. విడిపించే పని మన మండలంలోనే గడువు పెట్టి జరగాలి. ప్రతి కౌలురైతుకు గుర్తింపు, బ్యాంకు రుణం ఇవ్వాలి. జూదం నెపంతో రైతు ఆత్మహత్యల పరిహారం ఎగ్గొట్టకూడదు.

సంఘం గ్రామ కమిటీలు చేయగలిగినవీ ఉన్నాయి. వచ్చే సమావేశంలో ఒక బోనస్ మెసేజ్ తీసుకొని, ఇంగ్లీషు వచ్చిన పిల్లల చేత షరతులన్నీ తెలుగులో చదివించండి. పైన వేసిన లెక్క బోర్డు మీద వేసి చూపండి. ఖాతా అద్దెకు అడుగుతూ ఎవరైనా ఊళ్ళో తిరిగితే వెంటనే పోలీసులకు చెప్పండి. పంట డబ్బు పడే ఖాతాకు యూపీఐ లేకుండా చూసుకోండి, ఉన్నా రోజువారీ పరిమితి తగ్గించుకోండి.

ఇప్పటికే బోనస్ తీసుకున్నవాళ్ళు భయపడొద్దు. అందులో సొంత డబ్బు వేయకండి. యాప్ తీసేయండి, యూపీఐ పిన్ మార్చండి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 కు ఫోన్ చేయండి. ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్ళు, దాన్ని రాబట్టుకోవడానికి ఇంకో రూపాయి వేయకండి. ఇంట్లో చెప్పండి, ఇంట్లో చెప్పలేకపోతే సంఘంలో చెప్పండి. ఎవరూ నవ్వరు, నవ్వనివ్వం. మనసు బాగా లేకపోతే 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కరలేదు.

కాబట్టి ‘ఉచిత బోనస్ తీసుకోవచ్చా’ అన్న ప్రశ్నకు మా జవాబు: తీసుకోవద్దు. లెక్కలో అది నష్టం, చట్టంలో అది చిక్కు, ఇంటికి అది ముప్పు. మనకు రావాల్సిన బోనస్‌లు, మద్దతు ధరలు, పరిహారాలు బోలెడు బాకీ ఉన్నాయి. వాటిని అడగడానికి యాప్ అక్కరలేదు. పదిమంది కలిసి మండల ఆఫీసు దాకా నడిస్తే చాలు.